మడ అడవిలో తరుగు

మా ఇళ్ళల్లో పిల్లలకి అక్షరాభ్యాసం కన్నా ముందు బేరం నేర్పుతారు. ఎవరో చేతిలో బెల్లమ్ముక్క పెడితే "కొసరేదీ?" అన్నానని మా నాయనమ్మ పోయేదాకా ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. నాన్న పోయినప్పుడు కర్మలు చేయించే ఆయనతో కూడా బేరమాడి నెగ్గాను. ఆయన ఏ మంత్రాలు తగ్గించాడో నాన్నకే తెలియాలి. ఇన్ని నెగ్గినవాణ్ణి ఒక్క బేరంలో మాత్రం చిత్తుగా ఓడిపోయాను. అది నా సొంత బేరం కూడా కాదు.

కాట్రేనికోన బజారులో మాది వలదారం, తాళ్ళు, కిరసనాయిలు, లాంతరు గ్లాసులు అమ్మే కొట్టు. సముద్రం మీద బతికేవాళ్ళు మా గడప తొక్కకుండా బతకలేరు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. అమలాపురంలో కొబ్బరినూనె మిల్లు ఉన్న ఒక పెద్దమనిషి మా వర్తక సంఘానికి ప్రెసిడెంటు. నాకు వరసకి బాబాయ్. ఉప్పు దగ్గర్నించి సిమెంటు దాకా కోనసీమలో ఏ సరుకు ఎటు కదలాలన్నా ఆయన తలూపాలి.

డెబ్భైల చివర్లో దివిసీమ వైపు ఉప్పెన వచ్చినప్పుడు ఆయన సంఘం తరఫున బియ్యం, బట్టలు లారీకెక్కించుకుని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నాతో అన్న మాట, "అమ్ముడుపోని బట్టలన్నీ మూటలు కట్టేరా, లేదా?" అని. తిరిగొచ్చిన మనిషి వేరు. కొన్నాళ్ళు మిల్లుకే రాలేదు. వచ్చిన రోజున నన్ను పిలిపించి, "మడ అడవి ఉన్నచోట మనుషులు మిగిలేర్రా అబ్బాయ్. నరికేసినచోట గోడలు కూడా లేవు" అన్నాడు. తర్వాత చాలాసేపు తన చేతులు తనే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతులతో అక్కడ ఏమేం ఎత్తాడో నేను అడగలేదు.

మా వైపు మడ అడవిని ప్రభుత్వం కాగితం మీద ఎప్పుడో రిజర్వు చేసింది. ఫారెస్టు గార్డు కూడా పడవకో మోపు చొప్పున తన వంతు రిజర్వు చేసుకునేవాడు. మిగతాది మా హోటళ్ళలోనూ, ఇటుక బట్టీల్లోనూ కాలిపోయేది. ప్రెసిడెంటుగారు సంఘాన్ని కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేయించాడు. ఇకమీదట సభ్యులెవ్వరూ మడకట్టె కొనకూడదు. మడ కొట్టినట్టు తెలిసిన ఇంటికి సరుకు కట్టు. అంటే ఏ కొట్టువాడూ ఆ ఇంటికి చీపురుపుల్ల కూడా అమ్మకూడదు. అమ్మినవాడికీ అదే శిక్ష.

కలెక్టరు చెయ్యలేని పని మేం ఒక్క మధ్యాహ్నం జీడిపప్పు ఉప్మా తింటూ చేసేశాం. ఆయన అందరికన్నా ముందు తన సొంత ఇటుక బట్టీలోనే కట్టె మాన్పించి ఊక పోయించాడు. అక్కడే నాకు భయమేసింది. స్వార్థం ఉన్నవాడితో బేరమాడొచ్చు. అది మానేసినవాడి దగ్గర బేరానికి పట్టేముంటుంది?

మా కొట్టు వెనక కాలవ రేవులో ఒకావిడ మడకట్టె పడవ దింపేది. మొగుడు సముద్రంలో పోయాడు. ఒక్కతే కూతురు, పక్కింటికే ఇచ్చుకుంది. బేరంలో నన్ను నీళ్ళు తాగించిన మనిషి ఈ తాలూకాలో ఆవిడొక్కతే. నేను ఎంత తక్కువకి అడిగితే అంత నెమ్మదిగా, "సావుకారుగారూ, మీరు చెప్పిన రేటుకి కట్టె రాదండి, పొగ వస్తాదండి" అనేది. రేవులో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వి ఆవిడ చెప్పినంతా ఇచ్చేవాణ్ణి.

మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. గోడౌనులో చెయ్యివాటం చూపించే గుమాస్తా దొరికితే తన్ని తరమం. తాళాలు వాడికే ఇస్తాం. ఎలుక ఎటునుంచి దూరుతుందో వాడికే బాగా తెలుసు. ఇక తరుగు వచ్చిందంటే, అంటే సరుకులో లోటు కనిపించిందంటే, అది ఎవరి పేరున వెయ్యాలో వాడే చెప్పాలి. పేరు లేని తరుగు ఉండటానికి వీల్లేదు. ఎవరి మీదా పడని తరుగు షావుకారు మీద పడ్డట్టే.

ప్రెసిడెంటుగారు అడవిని కూడా గోడౌను లాగే చూశాడు. "ఆ కట్టెలమ్మే ఆవిణ్ణి కాపలా పెట్టండి" అన్నాడు. ఆవిడ తరఫున నేను బేరమాడాను. నెల జీతం, ఏడాదికి రెండు చీరలు, కొసరుగా ఒక గొడుగు. అన్నీ ఒప్పించుకుని వచ్చి గర్వంగా చెబితే ఆవిడ, "మడలో గొడుగెందుకండీ? కొమ్మలకి తగులుకుంటాది" అంది.

"ఉంచుకో అక్కాయ్. కొసరు."

"పేర్లు చెప్పాలేటండి నేను?"

"చూసినవాళ్ళవి చెప్పడమే కదా."

"చూడకుండా ఉండటానికి జీతం ఎంతిత్తారండి?" అంది. అది హాస్యమనుకుని ఒక్కణ్ణే నవ్వాను.

ఆవిడ పని బాగా చేసింది. పాయల్లో ఎవరి పడవ ఏ పోటుకి దూరుతుందో, ఎవరి కత్తి దెబ్బ ఏ మోడు మీద పడిందో ఆవిడకి తెలియనిది లేదు. మొదట్లో ఒకాయన పేరు చెప్పింది. వాళ్ళ పక్క వీధివాడే. ఆ ఇంటికి కట్టు వేశాం. కిరసనాయిలు లేక ఆ ఇంట్లో పొద్దు గుంకితే చీకటే. పిల్లలు ఎదురింటి దీపం వెలుతురు పడేచోట అన్నం తినేవారట. వాడు మా కొట్టు ముందు నిలబడి దండం పెట్టాడు. నేను తాళ్ళ చుట్టలు సర్దుకుంటూ, "నా చేతిలో ఏముందిరా? సంఘం" అన్నాను. సంఘమనే మాటలో ఉన్న సుఖం అదే. అందులో అందరూ ఉంటారు, ఎవ్వరూ ఉండరు.

ఆవిడ బావి దగ్గరికి వెళితే మిగతా ఆడవాళ్ళు చేదలు పైకి లాగేసుకునేవారు. పిల్లలు వెంటపడి, "సంఘం మామ్మ వత్తంది, పొయ్యిలో పుల్ల దాచెయ్యండే" అని అరిచేవారు. మడ మాత్రం పెరిగింది. నరికినచోట పిలకలేసింది, ఒడ్డు నిలిచింది, పీతలు తిరిగొచ్చాయి. ప్రెసిడెంటుగారు పడవలో తిరిగి చూసి చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇన్నాళ్ళ వ్యాపారంలో ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. దొంగ సంతోషమైతే నాకు తెలిసిపోయి ఉండేది.

తర్వాతి ఏడాది వానలకి ముందు ఆవిడ అల్లుడి వలలు తుఫానుగాలికి పీలికలైపోయాయి. కొత్త వల కావాలి. మా సంఘంలో లేని బట్టీవాడు ఒకడు అవతలి ఒడ్డున కట్టె కొంటున్నాడు. కూతురూ అల్లుడూ తెల్లారుతుండగా మడలోకి వెళ్ళి పడవ నింపుకొచ్చారు. పాయ మలుపులో ఆవిడ ఎదురుపడింది. కూతురు తలొంచుకుని గెడ వేస్తూనే ఉందట. అమ్మని చూసి ఆగలేదట.

ఆ ఉదయమే ఆవిడ మా కొట్టుకి వచ్చి కూతురి పేరు చెప్పింది. నేను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాను.

"నేను వినలేదనుకో. ఇంటికెళ్ళిపో అక్కాయ్."

"ఆళ్ళ పిల్లలు చీకట్లో కూడు తిన్నారండి. నా మనవలు దీపం ఎట్టుకుని తింటే ఊళ్ళో నా మొహం ఎక్కడెట్టుకోనండీ? రాసుకోండి."

అప్పటికి ఇద్దరు సంఘం మనుషులు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఇక నేను వినకపోవడమనేది కుదరలేదు.

కొన్నాళ్ళకి అల్లుడు వచ్చాడు. పొడుగ్గా, నల్లగా, నవ్వే మొహం. ఆ రోజు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"వలదారం ఇయ్యండి సావుకారుగారూ."

"కట్టు ఉందిరా."

"మా అత్తగారు చెప్పేరనా?"

"సంఘం."

"చేపలకి కూడా చెప్పేరాండీ సంఘంవారు, నా వల్లో పడొద్దని? చెప్పకపోతే ఇప్పుడే ఎల్లి చెప్పండి. మీరు ఏదీ సగం చెయ్యరు కదండీ, ఆయ్."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. వాడు ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. ఆ వేటకాలంలో వాళ్ళకి వల లేదు. వల లేని పడవ రేవులో ఎండకి బీటలు తీసింది. కూతురు ఇంటికీ తల్లి ఇంటికీ మధ్య తాటాకు దడి లేచింది.

ఆవిడ నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది. "నా కూతురి మీద కట్టు తీయించండి. నా జీతం, చీరలు, అన్నీ మానేసుకుంటాను. మీకు బేరం తెలుసు కదండీ."

నాకు పౌరుషం వచ్చింది. ఆవిడని బస్సెక్కించుకుని అమలాపురం వెళ్ళాను. దారిలో పాఠం చెప్పాను. మసక చీకటిగా ఉంది, మొహం ఆనలేదు, వేరేవాళ్ళని చూసి కూతురనుకున్నాను. అంతే. ఒక్క అబద్ధంతో కట్టు తెగిపోతుంది.

ప్రెసిడెంటుగారు మిల్లులో గానుగల పక్క గదిలో కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నేను నేర్పిందంతా అప్పచెప్పింది.

ఆయన ఓపిగ్గా విని, "పొరపాటు పడ్డావు. సరే తల్లీ. కట్టు తీసేస్తాను" అన్నాడు. నేను ఊపిరి వదిలాను.

"మరి ఎవరు కొట్టేరు?"

ఆవిడ నా వైపు చూసింది. అది నేను నేర్పలేదు.

"మోళ్ళు నేను చూసొచ్చేను. పచ్చిగా ఉన్నాయి. ఎవరో ఒకళ్ళు కొట్టేరు. ఆ తరుగు ఎవరి మీద వెయ్యను?"

"పోనీ నా మీద వెయ్యండి బాబాయ్‌గారూ" అన్నాను, నవ్వులోకి దింపుదామని.

"వేస్తే నీ కొట్టుకి కట్టు పడుద్దిరా. వెయ్యనా?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. లక్ష్మీదేవి. చాలా బావుంది.

ఆయన ఆవిడ వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "ఒక్క పేరు చెప్పమ్మా. ఇప్పుడే మీ అమ్మాయింటికి కిరసనాయిలు డబ్బా, దారం ఉండలు నా జీపులో పంపిస్తాను. నువ్వు పేరు చెప్పలేదనుకో, రేపు మరొకడొచ్చి మాదీ పొరపాటే అంటాడు. ఎల్లుండి ఇంకొకడు. ఆ తర్వాత మడ ఉండదు. దివిసీమలో పిల్లల్ని నేను తాటిచెట్టు మొదట్లోంచి తీసేనమ్మా. నీ మనవలంతే ఉన్నారు."

ఆవిడ పెదాలు కదిలాయి. ఏదో ఒక పేరు అక్కడిదాకా వచ్చింది, నేను చూశాను. మనసులోనే తొందరపెట్టాను, చెప్పు, ఎవరిదైనా చెప్పు, ఊళ్ళో అంతమంది ఉన్నారు. గానుగ తిరుగుతున్న చప్పుడు.

"మా అమ్మాయేనండి" అంది.

ప్రెసిడెంటుగారు లేచి నిలబడి ఆవిడకి చేతులు జోడించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళు. వాటిని నేను ఇప్పటికీ క్షమించలేను. "ఒరే, అమ్మకి బొండం కొట్టివ్వండ్రా" అని బయటికి కేకేశాడు. ఆవిడ ఆ బొండం చేత్తో పట్టుకునే బస్సెక్కింది, మా ఊళ్ళో దిగేటప్పుడు కూడా తాగకుండా చేతిలోనే ఉంది.

ఆ నెల్లోనే కూతురూ అల్లుడూ బీటలు తీసిన పడవని కట్టె ధరకి అమ్మేసి, పిల్లల్ని తీసుకుని ఒరిస్సాలో పారాదీపు వైపు ఎవరి బోట్ల మీదో కూలికి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు ఆవిడ రేవులో నిలబడింది. కూతురు నెత్తిన మూటతో, రేవులో పడవ కట్టే గుంజ పక్కనించి నడిచినట్టు ఆవిడ పక్కనించి నడిచిపోయింది. చిన్నపిల్ల ఒకతి వెనక్కి తిరగబోతే దాని మెడ పట్టి ముందుకి తిప్పింది.

ఎనభైలలో ఒక పెద్ద గాలివాన మా మీదుగా పోయింది. మడ వెనకాల ఊళ్ళు నిలబడ్డాయి. ప్రెసిడెంటుగారు చెప్పింది అక్షరాలా నిజమైంది, అందులో బేరం లేదు. ఆ సంగతి ఎక్కడెక్కడికో పాకి, ఢిల్లీ నుంచి ఒక పెద్ద కంపెనీ అధిపతి కార్లలో వచ్చాడు. షామియానా వేశాం. వ్యాపారి తలుచుకుంటే సముద్రాన్నైనా ఆపగలడని ఆయన మాట్లాడాడు. మేమందరం సముద్రాన్ని మేమే ఆపినట్టు కూర్చున్నాం. ప్రెసిడెంటుగారు మైకు ముందుకి వచ్చి, ఈ గౌరవం తనది కాదని ఆవిణ్ణి వేదిక మీదకి పిలిచాడు. కొత్త చీరలో వచ్చి నిలబడింది.

అతిథి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. హైస్కూలు మాస్టారు తెలుగులో చెప్పాడు. "ఈ పని వల్ల మీ ఇంట్లో ఏం మార్పు వచ్చిందమ్మా అని అడుగుతున్నారు."

ఆవిడ మైకు వైపు వంగింది.

"ఆయ్, బాగుందండి. ఇప్పుడు మా ఇంట్లో కట్టె కొట్టేవోళ్ళెవ్వరూ లేరండి."

మాస్టారు దాన్ని ఇంగ్లీషు చేశాడు. అతిథి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన లేచాడు కదా అని సంఘమంతా లేచింది. నేనూ లేచాను. చప్పట్లు ఆగి అందరూ కూర్చున్నాక కూడా ఆవిడ మైకు ముందే నిలబడి ఉంది. ఇక దిగొచ్చని ఎవరూ చెప్పలేదు.