తయీసియా ఎత్తిన చెయ్యి

రష్యాలో వోల్గా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి నారబట్టల మిల్లే దిక్కు. తయీసియా అందులో ఇరవై ఏళ్లు మగ్గం నడిపింది. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. మీటింగుల్లో మాత్రం వెనక వరసలో చేరి మేజోళ్లు అల్లుకునేది. "ఎవరు అనుకూలం?" అని వినబడగానే తలెత్తకుండానే చెయ్యెత్తేది. ఆమె ఒక్కతేనా, హాలంతా గొర్రెదాటే. కమ్యూనిస్టు పార్టీ రోజుల్లో అన్నీ పైనే తేలిపోయేవి, ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే.

ఆ పార్టీ కూలాక, తొంభై మూడులో, మిల్లు ఇక కార్మికులదే, తలా కొన్ని వాటాలు అన్నారు. ఆ మీటింగులోనూ చెయ్యి లేచింది. తయీసియాను ముద్దుగా తాస్యా అని పిలిచే పక్క మగ్గం రిమ్మా మోచేత్తో పొడిచింది.

"ఒసే తాస్యా, దేనికెత్తావో తెలుసా? మన వాటాలన్నీ డైరెక్టరు చేతిలో పెట్టడానికి!"

"చదువుకున్నాయన, ఆయనే చూసుకుంటాళ్లేవే."

చూసుకున్నాడు. రెండేళ్లలో మగ్గాలన్నీ తెగనమ్మి మాస్కోలో ఇల్లు చూసుకున్నాడు.

ఆ చలికాలం తయీసియా న్యుమోనియాతో మంచం పట్టింది. రిమ్మా తను పండించుకున్న బంగాళాదుంపలు, ఊరబెట్టిన క్యాబేజీ మంచులో మోసుకొచ్చి నెల రోజులు వండిపెట్టింది. కన్నతల్లి కూడా అంత చెయ్యదు.

తర్వాత దేశానికి గట్టి నాయకుడొచ్చాడు. పింఛను వేళకి అందసాగింది. తయీసియా ఆయన పటం గోడకి తగిలించింది.

"తిండి పెట్టి నోరు కుట్టేశాడే పిచ్చిదానా," అనేది రిమ్మా.

ముసలితనంలో ఇద్దరూ ఊరి కళాభవనంలో పనికి చేరారు. తయీసియా గదులు తుడిచేది, రిమ్మా వచ్చినవాళ్ల చలికోట్లు భద్రపరిచేది. ఓ రోజు పొరుగింటి పిల్లాడు యుద్ధం నుంచి పెట్టెలో తిరిగొచ్చాడు. "ఎవడి కోసం చచ్చాడు వీడు?" అని రిమ్మా నలుగురిలో అడిగేసింది. ఎవరో ఆ మాట పైవాళ్లకి మోశారు.

మర్నాడు మధ్యాహ్నం సిబ్బందిని పిలిచి మేనేజరమ్మ కాగితం చదివింది: దేశద్రోహపు మాటలాడిన రిమ్మాను పనిలోంచి తీసెయ్యాలి. తయీసియా ప్రతి ముక్కా విన్నది. ఎత్తకపోతే రేపు తన పనీ పోతుంది. పింఛనుకూ ఎసరు పెడతారేమో.

"ఎవరు అనుకూలం?"

ఎత్తింది.

అంతా అయ్యాక రిమ్మా తన సంచీ తీసుకుని, వాకిట్లో ఆగింది.

"నువ్వెప్పుడు విన్నావు గనక! ఈసారీ విని ఉండవులే తాస్యా."

అబద్ధమాడక్కర్లేదు. విన్నాను, భయపడ్డాను, క్షమించవే అంటే సరిపోయేది. రిమ్మా తిట్టేది, ఆనక ఏడ్చేది, మళ్లీ టీకి పిలిచేది.

"లేదే, వినలేదు," అంది తయీసియా.

రిమ్మా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "సరే" అని వెళ్లిపోయింది.