గచ్చు దగ్గర కిటికీ

మా అక్క పోయింది. మొన్న కార్తీకం వెళ్ళాక ఓ రోజు, ఇంకా తెల్లారకుండానే విశాఖ ఆస్పత్రి నించి మా ఆయన ఫోను చేసి ఆ ఒక్క ముక్కే చెప్పారు. పొయ్యి మీద పాలున్నాయి. గ్యాసు కట్టేసి, వంటింటి గచ్చు మీద, ఆ కిటికీ పక్కనే కూలబడ్డాను. అందులోంచి చూస్తే, కింద అక్క హాల్లో అంతా చీకటి.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. తోటికోడలు, మా బావగారి భార్య. నేను రావికమతం నించి కాపరానికొచ్చేసరికే అత్తారింట్లో అన్నీ తెలిసిన కోడలు. పాయకరావుపేట అవతల సముద్రపొడ్డున ఓ పల్లె ఆవిడ పుట్టిల్లు. మనిషి పొట్టి. గొంతు మాత్రం, అబ్బో, ఆ వీధి చివర పాలవాడు కూడా ఆగి వెనక్కొచ్చేవాడు. నాకు పెళ్ళికి ముందే అమ్మ పోయింది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా నాకు దిక్కు ఆవిడే. అందుకే ఆ స్థలం గొడవ వచ్చినప్పుడు నాకంత బెంగ పట్టుకుంది.

తొంభైల మధ్యలో సంగతి. మా మావగారు నర్సీపట్నం శివార్లో, కొండవాలున స్థలం కొన్నారు. ఇద్దరు కొడుకులూ పక్కపక్కనే ఇళ్ళు కట్టుకోవాలని ఆయన ఆశ. గాలీ వెలుతురూ బాగానే ఉంది గానీ, ఆ స్థలం ఉత్తరం వేపు మెరక, దక్షిణం వేపు పల్లం. చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నదమ్ములు పంచుకుంటే పెద్దవాడికి దక్షిణం, చిన్నవాడికి ఉత్తరం అని మా వాళ్ళ పట్టింపు. ఆ లెక్కన అన్న పల్లంలో, తమ్ముడు మెరకలో!

"దక్షిణం నాదే. అలగని తమ్ముడి కాళ్ళకాడ నా తలుండాలేటి?" అన్నారు బావగారు.

"పోనీ నేనే కిందికెళ్తాను, ఉత్తరం నువ్వు తీసుకో," అన్నారు మా ఆయన.

"సిన్నోడు దక్షిణానుంటే పెద్దోడికి మంచిది కాదురా," అన్నారు మావగారు.

పల్లం అంతా మట్టి తోలించి ఎత్తు చేద్దామంటే, ఇంటికని దాచిందంతా ఆ మట్టికే పోతుందన్నాడు మేస్త్రి. ఇంక రోజూ ఇదే రామాయణం. అన్నం దగ్గర ఇదే, నిద్దర్లేస్తే ఇదే. చివరికి మావగారికి విసుగెత్తిపోయింది. "ఆదివారం మేస్త్రి పునాదికి ముగ్గుపోయడానికొస్తాడు. ఆ పూట ఇద్దరూ ఒక మాట మీదకి రాపోతే స్థలం అమ్మేత్తాను. ఎవడి దారి వోడు సూసుకోండి," అనేశారు. ఎవడి దారి వాడంటే ఏముంది, అద్దిల్లు ఒకళ్ళది ఓ వీధి, ఇంకొకళ్ళది ఓ వీధి. అక్క లేని వంటిల్లు నేను ఊహించుకోలేకపోయాను. ఆ వారమంతా ముద్ద దిగితే ఒట్టు.

ఆదివారం అందరం వెళ్ళాం. బావగారు జీడిమామిడి చెట్టు కింద అటు తిరిగి కూర్చున్నారు. మా ఆయన ఇటు తిరిగి నించున్నారు. మేస్త్రి నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం తీశాడు, నేల మట్టం చూడ్డానికి. రెండు కొసలూ ఎవరో ఒకళ్ళు పట్టుకోవాలి. మగాళ్ళు ఉలకరు, పలకరు. అక్క చెంగు బిగించి కింద కొస పుచ్చుకుంది. "రాయే, నువ్వు పైన పట్టుకో," అంది నన్ను.

నేను మెరక మీద నించుంటే నీళ్ళు నా నడుం దగ్గర ఆగాయి. అక్కేమో పల్లంలో చేతులు నెత్తి మీదకెత్తి, మునివేళ్ళ మీద లేచి పట్టుకుంది. చేతులు లాగేస్తున్నా దించలేదు. గొట్టం వంకే చూస్తోంది.

"మేస్త్రీ, నీళ్ళు రెండు వేపులా ఒక్క మట్టానికే నిలబడ్డాయి కదా. కప్పు కూడా ఇలగే ఒక్క మట్టానికి ఏసెయ్యలేవా? గచ్చులు ఎలగుంటే అలగే ఉండనీ."

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "ఎయ్యొచ్చమ్మా. కానీ కింద గోడలు మరీ ఎత్తయిపోతాయి."

"అవనీ. పొట్టిదాన్ని, ఎత్తయిన ఇంట్లో ఉన్నానని మురుసుకుంటాను." అప్పుడు చెట్టు వేపు తిరిగి గొంతెత్తింది. "ఏటండీ, ఇన్నారా? బయటోళ్ళకి కనపడేది కప్పు. గచ్చు మనకే తెలుస్తాది."

 బావగారు లేచి, పంచె దులుపుకుని, "ముగ్గు పొయ్యమను," అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. గొట్టం కొస దించేశాను. నీళ్ళు ఒలికిపోయాయని మేస్త్రి తిట్టాడు.

ఇల్లు లేచింది. కృష్ణదేవిపేట నించి షేర్ ఆటోలో దిగిన చుట్టాలు ఇది ఒక ఇల్లా రెండా అని వీధిలో నించుని తగూలాడుకునేవాళ్ళు. అక్క హాల్లో ఫ్యానుకి మామూలు రాడ్డు చాల్లేదు, పొడుగు రాడ్డు చేయించారు. బూజు దులపాలంటే నిచ్చెన కావాలి. "మా సినిమా హాలు" అనేది ఆవిడ. ఎండాకాలం మావగారు మాత్రం ఆ హాలు వదిలేవారు కాదు, చల్లగా ఉందని.

కిటికీ సంగతి చెప్పలేదు కదూ. రెండిళ్ళకీ మధ్యన ఒకటే గోడ. అక్క హాల్లోకి గాలి రావాలని మేస్త్రి ఆ గోడలో పైన చిన్న కిటికీ పెట్టాడు. ఆ గోడకి ఇటు వేపు మా వంటిల్లుందన్న సంగతి మర్చిపోయాడు మహానుభావుడు. గచ్చు చేశాక చూస్తే, ఆ కిటికీ నా గచ్చుకి జానెడు ఎత్తున తేలింది! మూసేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "ఉండనీ, కూర పంపుకోడానికి పనికొస్తాది," అంది.

అంతే, అదే మా వీధిగుమ్మం అయిపోయింది. ఆవిడ కింద పీటెక్కి గిన్నె అందించేది, నేను పైన గచ్చు మీద చతికిలబడి అందుకునేదాన్ని. నాకు ముందు ఆవిడ పాపిట కనపడేది, తరవాత కళ్ళు. చేపల పులుసు, ఎండురొయ్యల వేపుడు, పిల్లల మీద చాడీలు, అన్నీ అందులోంచే. గిన్నె ఖాళీగా తిరిగి పంపడం మాత్రం ఇద్దరికీ పడేది కాదు. ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలేనా వేసేదాన్ని.

నాకు ముక్కు మీద కోపం. అలిగి మాట్లాడ్డం మానేసిన రోజున కూడా గరిటెతో కిటికీ గట్టు మీద టకటకా కొట్టేది. "ఒసే, కోపం నీకాడే ఉంచుకో. పులుసు సల్లారిపోతాది, బేగి అందుకో!" ఇంకేం అలుగుతాను?

బావగారు మాత్రం ఇన్నేళ్ళలో ఆ కిటికీ వంక తలెత్తి చూసిన పాపాన పోలేదు. తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడే అలవాటూ లేదు ఆయనకి. ఏది చెప్పాలన్నా అక్కతోనే చెప్పించేవారు.

ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు కూడా అక్క పులుసు పంపింది. ఆవిడ పేరు చెక్కించిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, పిల్లలూ ఉద్యోగాలకి పోయారు. నిన్న వంకాయ కూర వండి, ఆ గిన్నె నిండా పెట్టి, గచ్చు మీద కూర్చున్నాను. ఎవరిని పిలవను? అక్కా అని నోటి దాకా వచ్చింది.  గరిటె తీసి, ఆవిడ కొట్టినట్టే గట్టు మీద కొట్టాను.

కింద కుర్చీ జరిగిన చప్పుడు. లైటు వెలిగింది. బావగారికి పీట అక్కర్లేదు, పొడుగు మనిషి. నెరిసిన తల వచ్చి నా గచ్చు అంచు దగ్గర, నా పాదాల పక్కన ఆగింది. రెండు చేతులూ పైకి చాచారు.

"బేగి అందియ్యమ్మా," అన్నారు. "సల్లారిపోతాది."