శుక్రవారం కూడికలో సాల్మన్ రాజు

సాల్మన్ రాజుకు చెవులు వినపడవన్న సంగతి హౌరా పక్కనున్న లిలువాలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఆయన భార్య లిల్లీ. ఆమె చనిపోయాక ఇక ఎవరికీ తెలియదు.

శ్రీకాకుళం వైపు నుంచి తండ్రి వెంట చిన్నప్పుడే వచ్చి, ఇప్పుడు మూతబడిపోయిన ఒక ఇనుప కార్ఖానాలో జీవితమంతా రేకులు సాగగొట్టాడాయన. అక్కడ అందరూ అరిచే మాట్లాడుకునేవారు కాబట్టి ఎవరికి ఎంత వినిపిస్తోందో ఎవరూ పట్టించుకోలేదు. పని మానేసే నాటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గరగా నోరు పెట్టి చెబితే మాట అందేది. లిల్లీ అలాగే చెప్పేది. చర్చిలో, బజారులో, పెళ్ళిళ్ళలో ఆయనకు కుడిపక్కనే నిలబడి, ఎవరేమన్నా రెండు ముక్కల్లో చెవిన వేసేది. చూసేవాళ్ళకు ముసలి మొగుడూ పెళ్ళాల ముచ్చట్లలా కనిపించేది. "చెవిటోడు" అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అనిపించుకోనివ్వడం ఆమెకూ ఇష్టం లేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి దాచుకున్న గుట్టు అదొక్కటే.

ఒక వానాకాలం లిల్లీ జ్వరంతో పోయింది.

ఆ తర్వాత కూడా ఆదివారం ఆరాధన ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ వరస ఆయనకు కంఠతా వచ్చు. ముందు బెంచీ వాళ్ళు లేస్తే లేచేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు. గోడ మీది పలకలో అంకె చూసి పాట తీసేవాడు. ప్రసంగం సేపు అయ్యగారి చేతుల కదలిక చూస్తూ ఉండేవాడు. బయట మెట్ల దగ్గర అందరూ వందనాలు చెప్పి, చేతులు కలిపి, ఎవరి రిక్షా వాళ్ళు ఎక్కేవారు. ఇక మళ్ళీ ఆదివారం దాకా ఆయన ఇంటి గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. ఒకసారి హౌరా వెళ్ళి చెవి మిషను కొనుక్కున్నాడు. అది పెట్టుకుంటే ఫ్యాను, గిన్నెలు, పక్కింటి టీవీ, అన్నీ కలిసి తలలో దడదడలాడాయి తప్ప మనిషి మాట మాత్రం విడిగా వినిపించలేదు. తీసి డబ్బాలో పెట్టేశాడు.

ఒక రోజు చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారు ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏదో చెప్పారు. సాల్మన్ రాజు నవ్వుతూ తలాడించాడు. అయ్యగారు సంతోషంగా ఆయన భుజం తట్టి, ప్రార్థన చేసి వెళ్ళారు. తాను దేనికి తలాడించాడో ఆయనకు శుక్రవారం సాయంత్రం గానీ తెలియలేదు. సంఘ పెద్ద ప్రదీప్‌కుమార్ బైబిలు చంకలో పెట్టుకుని వచ్చి, రమ్మని సైగ చేసి, రెండు సందుల అవతల ఉన్న తన ఇంటికి తీసుకుపోయాడు. సంఘం పెద్దదైపోయి ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా పోతోందని, అయ్యగారు వీధి వీధికీ చిన్న కూడికలు పెట్టించారు. ఆ వీధి కూడికలో ఇప్పుడు సాల్మన్ రాజు కూడా ఒకడు.

పది పన్నెండు మంది ఒక చిన్న గదిలో, మంచం మీదా చాప మీదా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఒక అధ్యాయం తీసి తలా కాస్తా చదివారు. దాని మీద మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆయనకు ఒక్క ముక్క అందలేదు. ఏ పేజీ తీయాలో కూడా తెలియక, పక్కవాళ్ళ బైబిలు మందం చూసి అటూ ఇటుగా తెరిచాడు. చివర్లో అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. ఒకపక్క ప్రదీప్‌కుమార్ చెయ్యి, ఇంకోపక్క ఎవరో పిల్లాడి చెయ్యి. లిల్లీ పోయాక ఒక మనిషి చెయ్యి అంతసేపు ఆయన చేతిలో ఉండటం అదే మొదలు. ప్రార్థన అయిపోయిందని తెలియక, అందరూ వదిలేసినా ఆయన పట్టుకునే ఉన్నాడు.

అందుకే మళ్ళీ శుక్రవారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. ఆ తర్వాతా వెళ్ళాడు. అందరూ నవ్వితే నవ్వాడు, పెదవులు ఆమేన్ అన్నట్టు కదిలితే ఆమేన్ అన్నాడు. ఆయన నెమ్మదస్తుడని, తక్కువ మాట్లాడతాడని అక్కడ పేరు వచ్చింది.

ఆ కూడికలో జూలీ అనే అమ్మాయి ఉండేది. ఆమె భర్త వినయ్ కుమార్‌కు రైల్వేలో ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ. పెళ్ళయి చాలా కాలమైనా పిల్లలు లేరు. చలికాలంలో ఒక శుక్రవారం జూలీ లేచి నిలబడి, చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ, దేవుడు తనకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పింది. గదంతా చప్పట్లు కొట్టింది. ఆ సంగతి మాత్రం సాల్మన్ రాజుకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇంటికి వెళ్ళాక కూడా ఆ సంతోషం ఆయనలో చాలాసేపు నిలిచింది.

ఎండలు ముదిరే వేళకు జూలీ రావడం మానేసింది. నెలలు నిండుతున్నాయి కాబోలు అనుకున్నాడు.

తొలి వానలు పడిన వారం ఆమె మళ్ళీ వచ్చింది. మనిషి చిక్కిపోయింది. కడుపు లేదు. కాసేపటికి లేచి నిలబడి, చేతులు జోడించి ఏదో చెప్పసాగింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పోయినసారీ ఇలాగే ఏడ్చింది కదా అనుకున్నాడాయన. అందరి కంటే ముందు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టి, కార్ఖానాలో అరిచినట్టు అరిచాడు.

"ప్రభువుకి స్తోత్రం! ఏటమ్మా, బాబా, పాపా?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు ఆయన ముఖాల వంక చూశాడు. జూలీ నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వినయ్ కుమార్ లేచి నిలబడ్డాడు. పెద్దావిడ ఒకరు జూలీని పొదివి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. ప్రదీప్‌కుమార్ ఆయన రెక్క పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, ఏదో అని, తలుపు దగ్గరగా వేశాడు. వానలో బైబిలు చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే, బిడ్డ దక్కలేదన్న సంగతి, తాను చేసిన పని, ఒక్కొక్కటిగా ఆయనకు తెలిసివచ్చాయి.

ఆ తర్వాత కూడికకు వెళ్ళలేదు. ఆదివారాలు ఆఖరి బెంచీకి మారాడు. ప్రదీప్‌కుమార్ ఆయన వంక చూడకుండానే పక్కకు పోయేవాడు. వయసు మీద పడి బుర్ర చెదిరిందని అనుకుంటున్నారో, తాగి వచ్చాడని అనుకుంటున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. వెళ్ళి చెప్పుకుందామంటే ముందు చెవుల సంగతి చెప్పాలి. చెప్పినా వాళ్ళు తిరిగి ఏమంటారో తనకు వినపడదు. అన్నం వండుకోవడం, తినడం, గిన్నె కడగడం. వానాకాలమంతా ఆ ఇంట్లో ఒక్క మాట పలకలేదు.

ఒక మధ్యాహ్నం బట్టలు తీయడానికి తలుపు తీస్తే గుమ్మంలో జూలీ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి తలుపు కొడుతోందో. లోపలికి వచ్చి, కూర్చోకుండానే మాట్లాడింది. ఆయన ఆమె నోటి వంక చూశాడు. ఆమె మళ్ళీ అంది. ఆయన అలవాటు కొద్దీ నవ్వబోయి, ఆగిపోయాడు. ఆమె ముఖం ఎర్రబడింది. మూడోసారి అరిచిందని మెడ నరాలు చూస్తే తెలిసింది.

"అమ్మా, నాకు ఇనపడదు," అన్నాడు. "సెవులు పోనాయి. ఆ రోజు నువ్వేటి సెప్పేవో నాకు తెల్దు. పురుడొచ్చిందనుకున్నాను."

ఆయన మంచం మీద కూర్చుని, కుడి చెవి మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుని, నోరు దగ్గరగా పెట్టింది.

"నాను తిట్టడానికొచ్చేను మావయ్యా."

"తిట్టమ్మా."

ఆమె తిట్టలేదు. మళ్ళీ చెవి దగ్గరకు వంగింది.

"పాప. ఆస్పత్రిలో ఎవరూ సెప్పనేదు, నానే అడిగి తెలుసుకున్నాను. ఇంటికొచ్చేక ఎవరూ అడగనేదు. మా అత్త అడగనేదు, కూడికలో అడగనేదు. దేవుడి సిత్తం అనీసి ఊరుకున్నారు. మీరొక్కరే అడిగేరు. పాప, మావయ్యా."

ఆయనకు తోచినదే అడిగాడు.

"ఎవరి పోలిక?"

"ముక్కు నాది," అంది జూలీ. అని, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపు ఆయనకు వినపడలేదు గానీ, భుజం మీద దాని అదురు తెలిసింది. టీ పెట్టి ఇచ్చాడు. తాగి వెళ్ళేముందు ఆమె చెవి దగ్గర అంది, "నాను ఎవరికీ సెప్పను. మీరే సెప్పాల. శుక్రవారం రండి."

వెళ్ళాడు. జూలీ ఆయన కుడిపక్కన కూర్చుంది. ఆమెకు తెలుగు చదవడం సరిగా రాదు. అయినా అధ్యాయం అంకె, వచనం అంకె ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి, ఆయన బైబిలులో చోటు వెతికి వేలు పెట్టి చూపించేది. ఎక్కడ చదువుతున్నారో మొదటిసారి ఆయనకు తెలిసింది. తన వంతు వస్తే చదివాడు కూడా. గదిలో కొందరు ఇబ్బందిగా కదిలారు, కొందరు ముఖాలు చూసుకున్నారు. జూలీ పక్కన ఉన్నందుకు ఎవరూ ఏమీ అనలేదు.

ఏడాది తిరిగేసరికి వినయ్ కుమార్‌కు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. సామాను లారీ ఎక్కే రోజు సాల్మన్ రాజు వెళ్ళి తాళ్ళు బిగించి వచ్చాడు.

ఆ శుక్రవారం ఆయనే లేచి నిలబడ్డాడు. "నాకు సెవులు ఇనపడవు. సానా ఏళ్ళయింది. మా ఇంటిది ఉన్నప్పుడు అదే సెప్పేది. ఏ వచనమో సూపించండి, సాలు," అన్నాడు. గదిలో అందరి నోళ్ళూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అయ్యో అంటున్నారో, ముందే చెప్పొచ్చు కదా అంటున్నారో. ప్రదీప్‌కుమార్ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎడమ చెవిలో ఏదో అరిచాడు. సాల్మన్ రాజు తలాడించాడు.

కొన్ని వారాలు ఎవరో ఒకరు వచనం చూపిస్తారు. కొన్ని వారాలు మాటల్లో పడి మరిచిపోతారు. చదువు అయ్యాక వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో, దేనికి నవ్వుకుంటారో ఇప్పటికీ ఆయనకు తెలియదు. చేతులు పట్టుకునేటప్పుడు మాత్రం అందరికంటే ముందు చెయ్యి చాపుతాడు.

దసరాకి దుర్గాపూజల వారంలో శుక్రవారం యథాప్రకారం స్నానం చేసి వెళ్ళాడు. సందు మొగలో పందిరి వేసి ఢాక్ డోళ్ళు వాయిస్తున్నారు. ఆ దెబ్బలు నేల గుండా కాళ్ళకు, ఛాతీకి తగిలాయి. జనాన్ని తప్పించుకుని ప్రదీప్‌కుమార్ ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం ఉంది. కూడిక లేదని కిందటి వారం చెప్పే ఉంటారు. అందరూ వినే ఉంటారు.

కాసేపు మెట్టు మీద కూర్చున్నాడు. కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలు ఆయన్ను దాటుకుని పరిగెత్తారు. బైబిలు తెరిచి, కిందటి వారం చదివినదాని తర్వాతి అధ్యాయం తీసి, పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎంత గట్టిగా చదువుతున్నాడో ఆయనకు తెలియదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. అధ్యాయం పూర్తయ్యాక పుస్తకం మూసి, ఇంటికి నడిచాడు.