పిట్ట ముట్టని పొద్దు

పొద్దు పొడిచి చాలా సేపైంది. శ్మశానం ప్రహరీ గోడ మీద విస్తరి పరిచి, పోయిన దాసయ్యకు ఇష్టమైనవన్నీ వడ్డించి, చుట్టాలంతా వెనక్కి తగ్గి నిలబడ్డారు. చెట్ల మీద కాకులకు కొదవలేదు. ఒక్కటీ కిందికి దిగదు. మూడోనాడు పెట్టిన బువ్వ పిట్ట ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఇంటివాళ్లు కదలకూడదు, మెతుకు కొరకకూడదు. దాసయ్య భార్య మాసమ్మ చూపు మాత్రం కాకుల మీద లేదు, కూతురు ప్రేమ మీద ఉంది. పోలీసు ఉద్యోగానికి ఆ పిల్ల పరుగు పరీక్ష ఆ పొద్దుటే. గ్రౌండు గేటు మూసేశారంటే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక.

"తమ్మునికి ఏమన్న కోరిక మిగిలిందేమో," అన్నాడు దాసయ్య అన్న బుగ్గయ్య. పాలమూరు నుంచి బస్సు దిగుతూ ఊళ్లోని పెద్దరికమంతా మూటగట్టుకుని మరీ దిగిన మనిషి. కల్లు సీసా మూత తీసి విస్తరి పక్కన పెట్టాడు.

"ఆయన కల్లు ముట్టడు బావా," అంది మాసమ్మ.

"బతికున్నప్పుడు ముట్టలే. ఇప్పుడు గూడ ముట్టొద్దంటే ఎట్ల?"

అంత ఏడుపులోనూ మాసమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. ఈయనకేం తెలుసు తన మొగుడి సంగతి!

పెళ్లయిన ఏడాదే ఇద్దరూ పట్నం వచ్చి చిక్కడపల్లి బస్తీలో దిగారు. దాసయ్య మొదట తట్టలు మోశాడు, తర్వాత తాపీ పట్టాడు, ఆపైన మేస్త్రి అయ్యాడు. వారమంతా సిమెంటులో నానినవాడు ఆదివారం ఇంటిపట్టున పడుకుంటాడా? నారాయణగూడ కుర్రాళ్లతో కబడ్డీకి దిగేవాడు. వయసులో సగం లేని పిల్లలు నడుం పట్టుకుంటే వాళ్లను ఈడ్చుకుంటూ గీత దాటేవాడు. మోకాళ్లు చీరుకుపోయి ఇంటికొస్తే మాసమ్మ పసుపు అద్దుతూ తిట్ల దండకం ఎత్తుకునేది.

"సిగ్గు లేదా? పెండ్లీడు పిల్లున్నది ఇంట్ల!"

"ఆ పిల్లనే గదా చప్పట్లు కొట్టింది," అని పళ్లికిలించేవాడు.

ఆటల పిచ్చోడికి ఇల్లు పట్టదంటారు. ఆ మాటన్నవాళ్ల నోట్లో మన్ను పడ! మాసమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు జొన్నరొట్టెలు చేసింది ఆయనే, ఆమె చీరలు ఉతికి ఆరేసింది ఆయనే. పంపు దగ్గర ఆడవాళ్లు ముసిముసిగా నవ్వితే, "మీ మొగోళ్లను గూడ పంపుండ్రి అక్కా, నేర్పిస్త," అనేవాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు మొగుళ్లు మాత్రం ఆయన మీద గుర్రుగా ఉండేవారు.

అశోక్ నగర్‌లో ఒక హాస్టల్‌కు గోడ కడుతున్నప్పుడు, అక్కడ ఉండి పోలీసు పరీక్షకు చదివే పిల్లలు పరుగు గురించి పరేషాన్ అవుతుంటే విన్నాడు. ఆ సాయంత్రమే కూతుర్ని కూర్చోబెట్టాడు. "సదువు నీ పని. ఉరుకుడు నా పని," అన్నాడు. ఇక తెల్లారకముందే తండ్రీకూతుళ్లు ఇందిరా పార్కు చుట్టూ పరుగు. అక్కడి నుంచి ఆయన అటే పనికి పోయేవాడు.

అలాంటి మనిషి మొన్న స్లాబు పని ముగించుకుని వచ్చి, మంచినీళ్లు అడిగి, చెంబు అందేలోపే గోడకు ఒరిగిపోయాడు. గుండె ఆగింది. మాసమ్మకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

బుగ్గయ్య చేతులు జోడించాడు. "తమ్మీ, నీ బిడ్డ పెండ్లి నేను జేస్త. వచ్చి ముట్టు." కాకి మెడ అటు తిప్పుకుంది. "యాటను కోస్త." అదీ గిట్టలేదు.

ప్రేమ ఫోన్‌లో టైము చూసి, తల దించుకుంది. "ఇగ కాదులే అమ్మా. నాయిన ముట్టకుండ నేనెట్ల పోత? వచ్చేసారి జూద్దాం."

ఆ మాట మాసమ్మకు కారంలా తగిలింది. "బూట్లు యాడున్నయే?" అని అడిగింది.

"సంచిల," అంది ప్రేమ మెల్లగా.

పిల్ల శ్మశానానికి బూట్లు తెచ్చుకుంది. ఎవరితోనూ అనలేదు. మాసమ్మ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

"మాసమ్మా!" బుగ్గయ్య అడ్డం వచ్చాడు. "పిట్ట ముట్టకముందు కదుల్తవా? అంటుల ఉన్న పిల్లను తీస్కపోతవా? లోకం ఏమంటది?"

"నా బిడ్డ బదులు లోకం ఉరుకుతదా బావా? జరుగు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. చివరి పిల్లలు లోపలికి పోతుండగా ప్రేమ గేటు దాటింది. మాసమ్మ ఇనుప కంచె పట్టుకుని బయటే నిలబడింది. మొదట ప్రేమ బాగానే పరుగెత్తింది. సగం దాటాక వెనకబడింది. ఏడ్చి ఏడ్చి ఉన్న ఒంట్లో సత్తువ ఎక్కడిది? ఒకరు దాటిపోయారు, మరొకరు దాటిపోయారు. మొన్ననే మొగుణ్ని పోగొట్టుకున్న ఆడది గొంతెత్తకూడదన్న సంగతి మాసమ్మ మరిచిపోయింది.

"ఉరుకే! ఉరుకు బిడ్డా! ఆగినవో చంపుత!"

జనం తిరిగి చూశారు. చూడనీ! ప్రేమ తల ఎత్తింది, పళ్లు బిగబట్టింది, గీత దాటి నేల మీద పడిపోయింది. పోలీసాయన లేపి, పాసైనవాళ్ల వరుసలో నిలబెట్టాడు.

కాసేపటికి రొప్పుతూ కంచె దగ్గరికి వచ్చింది. "అయింది అమ్మా!" అంది. వెంటనే, "పిట్ట ముట్టిందా?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే బుగ్గయ్య ఫోన్. ఇంకా ముట్టలేదట. చుట్టాలంతా ఆకలితో నిలబడే ఉన్నారట. ప్రేమ ముఖం వాడిపోయింది. "నాయినకు నా మీద కోపమొచ్చింది."

"కోపం గాదే పిచ్చిదానా! నువ్వు ఈడ ఉరుకుతుంటే మీ నాయిన ఆడ విస్తరి కాడ కూసుంటడా?" మాసమ్మ కళ్లు తుడుచుకుని ఫోన్ చెవికి ఆనించుకుంది. "జర ఆగు బావా. ఉరుకుడు ఇప్పుడే అయింది. ఇగ వస్తడు బువ్వకు."