మూడు చపాతీల పథ్యం

మా మామ పోయి పదమూడు రోజులైంది. మామ అంటే నా భర్త తండ్రి. ఎల్బీనగర్‌లో మా గల్లీ అంతా ఆ రోజు పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి "ఎట్ల పోయిండు?" అని అడిగింది. "లివర్" అన్నాం. అంతే, ఇంకో ప్రశ్న లేదు. "అయ్యో" అంటూనే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది చదువుతున్న మీరూ ఈపాటికి అదే అనుకుని ఉంటారు. అనుకోండి. మీ కోసమే రాస్తున్నాను.

మామ తాగలేదు. పెళ్లిళ్లలో తాగలేదు, పండుగలకు తాగలేదు, నల్గొండ దగ్గర సొంతూరికి పోతే కల్లు లొట్టి ముందు పెట్టినా ముట్టలేదు. సిటీ బస్సు డ్రైవర్‌గా చేశారు. డ్యూటీ ఎక్కే ముందు డిపోలో మందు వాసన పట్టే మిషన్ పైపులో ఊది, తాగలేదని తేలాకే స్టీరింగ్ పట్టుకునేవారు. ఆ మిషన్ నమ్మింది గానీ సొంత బంధువులు నమ్మలేదు.

రిటైరయ్యాక కూడా బస్సు ఎక్కితే డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చునేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం రోడ్డుకు అడ్డంగా వస్తుంటే ఆయన కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. నేను నవ్వితే "నవ్వకు బిడ్డా. బండి నడిపెటోనికి కోపం ఉండొద్దు, బ్రేక్ ఉండాలె" అనేవారు. నాకు మాత్రం ఆ బ్రేక్ లేదు. ఉండి ఉంటే ఇదంతా రాసేదాన్ని కాదు.

ఆయన కడుపు ఎప్పుడూ బాగుండేది కాదు. డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున ఏమీ తినేవారు కాదట, దారిలో బస్సు ఆపాల్సి వస్తుందని. మనిషి సన్నగా అయిపోయారు, రక్తం లేదన్నారు, ఐరన్ గోలీలు మింగించారు. ఆ తర్వాత ఓ రిపోర్టులో లివర్ దెబ్బతిందని వచ్చింది. ఇంటి దగ్గరి డాక్టరు కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా "మందు మానెయ్యాలె పెద్దాయనా" అన్నాడు.

"నేను తాగ సార్."

"అందరు గట్లనే అంటరు. అన్నం తగ్గించు, రాత్రికి చపాతీ తిను."

చపాతీ! మా కాలనీలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా మందు అదే. షుగరా, చపాతీ. మోకాళ్ల నొప్పా, చపాతీ. తాతల కాలం నుంచి అన్నం తిని బతికిన ఇళ్లలో ఇప్పుడు అన్నం పేరెత్తితే పాపం. చంపాపేట్ నుంచి మీర్‌పేట్ దాకా ఉన్న చుట్టాలందరూ ఫోన్లు చేసి మరీ చెప్పారు. నాలుగేళ్లు రాత్రికి మూడు చపాతీలు కాల్చి ఆయన పళ్లెంలో వేశాను. నూనె లేకుండా, శ్రద్ధగా.

"జర అంత అన్నం పెట్టు బిడ్డా. అన్నం తింటే పానం నిమ్మలమైతది" అని అడిగేవారు.

"వద్దు మామా, డాక్టర్ తిడ్తడు" అనేదాన్ని. నేనూ చదువుకున్నదాన్నే కదా, నాకన్నీ తెలుసు కదా!

ఆయన అంతకంతకూ నీరసించిపోతుంటే నాకూ అనుమానం వచ్చింది. దాచి ఏం లాభం, చెప్తాను. ఒకరోజు ఆయన స్కూటర్ డిక్కీ తీసి వెతికాను. అందులో ఉన్న నీళ్ల సీసా మూత తీసి వాసన చూశాను. తల ఎత్తితే మెట్ల మీద ఆయన.

"సూస్కో బిడ్డా. మంచిగ సూస్కో" అన్నారు.

మర్నాడు వంటగది గడప దగ్గర నిలబడి "ఊదమంటవా?" అని నవ్వారు. నేనూ నవ్వేశాను, ఛీ! అది హాస్యం కాదని నాకు తెలుసు. అయినా క్షమించమని అడగలేదు.

చివరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న వయసు డాక్టరమ్మ "మీరు రోజూ ఏమేం తింటారు?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తపరీక్ష చేయించింది, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. సీలియాక్ అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆ ఒంటికి పడదు. తింటే పేగులు దెబ్బతింటాయి, కొందరికి లివర్ కూడా. తొందరగా కనిపెట్టి గోధుమ మానేస్తే చాలామందికి లివర్ తేరుకుంటుందట. మామకు అప్పటికే గట్టిపడిపోయింది. బిస్కెట్లు, పూరీల్లో పడే కొద్ది గోధుమతోనే జబ్బు ముందు నుంచీ ఉందని, రోజూ చపాతీలు పడేసరికి ముదిరిందని చెప్పింది.

మామ నావైపు తిరిగి "నువ్వు పరేషాన్ గాకు. నువ్వు పెట్టింది మందనుకునే పెట్టినవ్" అన్నారు. ఆ మాటకు బదులు ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

తర్వాత ఏడాదిన్నర అన్నం తిన్నారు. కడుపు కుదుటపడింది, ముఖంలో కళ వచ్చింది. లివర్ మాత్రం వెనక్కి రాలేదు. పొట్టలో నీరు చేరింది, తీయించాం, మళ్లీ చేరింది. ఆ పొట్ట చూసి జనం తాగుడేనని ఇంకా గట్టిగా అన్నారు. సీలియాక్ అని చెబితే "ఇప్పుడు గట్ల పేరు పెడ్తున్నరా?" అన్నాడొక పెద్దమనిషి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ఊరి నుంచి వచ్చిన చిన్నమామ, అంటే మామ తమ్ముడు, జేబులోంచి క్వార్టర్ సీసా తీసి విస్తరి పక్కన పెట్టాడు.

"గదెందుకు?" అన్నాను.

"అన్నకు ఇష్టమైంది పెట్టొద్దా? దాని కోసమే గద పానం ఇడిసిండు."

సీసా తీసుకుని మూత తిప్పి మొత్తం మట్టిలో గుమ్మరించాను. ఖాళీ సీసా ఆయన చేతిలో పెట్టాను.

"మా అన్నకు నేను పెట్టుకుంటున్న. నడుమ నువ్వెవ్వలు?" అని ఆయన అరిచాడు.

"నాలుగేండ్లు ఆయన పళ్లెంల గోధుమలు పెట్టినదాన్ని! ఆయనను గీడికి తెచ్చింది మందు గాదు, గీ చేతులు. అనేదుంటే నన్ను అనుండ్రి. ఆయనను అంటే ఊకోను" అన్నాను. చుట్టాలందరి ముందు, చేతులు చాపి మరీ అన్నాను.

 మా అత్తమ్మే "ఎనుకకు జరుగుండ్రి, పిట్ట రావాలె" అంది. అందరూ జరిగారు. చిన్నమామ ఆ ఖాళీ సీసా ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చివరికి ఎవరికీ కనబడకుండా చొక్కా కింద దోపుకుని, అందరికన్నా వెనక పోయి నిలబడ్డాడు.