కుడివైపు కింది మూల

నాగులమ్మ చేతికి పీచు దొరికితే ఇక ఆ గిన్నె గతి అంతే అని ఏర్పేడులో అందరూ అంటారు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అన్నం అడుగంటిన గుండిగైనా, పప్పు మాడిన దబరైనా ఆమె ముందు పెట్టండి, మన ముఖం మనం చూసుకునేట్టు తోమి బోర్లించేదాకా లేవదు. అంత మొండి మనిషి.

ఆ మొండితనంతోనే కుప్పయ్యను చేసుకుంది. కుప్పయ్య దర్జీ. పుట్టు చెవుడు, అందువల్ల మాటా లేదు. "మూగోనితో ఏం కాపురం జేస్తావే?" అని బంధువులు ముక్కున వేలేసుకుంటే, "మాటలొచ్చినోళ్లు జేసే కాపురాలు సూస్తానే ఉండాంలే" అని అందరి నోళ్లూ మూయించింది. తిను, పడుకో, రా, కోపమొచ్చింది, జ్వరమొచ్చింది... సంసారానికి కావలసిన సైగలన్నీ ఇద్దరూ సొంతంగా అల్లుకున్నారు. వాటితోనే ముప్ఫై ఏళ్లు గడిచిపోయాయి.

కానీ కుప్పయ్యకు ఇంకో భాష కూడా ఉంది. చిన్నప్పుడు తిరుపతిలో చెవిటి పిల్లల బడిలో నేర్చుకున్న చేతుల భాష. అందులో కథలు చెప్పొచ్చు, వాదించొచ్చు, ఎదుటివాణ్ణి ఎగతాళి చేయొచ్చు. చుట్టుపక్కల ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అయితే రోజూ సాయంత్రం టీవీ వార్తల్లో, తెర కుడివైపు కింది మూల చిన్న గడిలో ఒకామె నిలబడి వార్తలన్నీ చేతులతో చెబుతుంది. ఆ వేళకు కుప్పయ్య మిషను ఆపి టీవీ ముందు కూర్చునేవాడు. పొద్దుపోక చూస్తున్నాడులే అనుకునేది నాగులమ్మ. అందరిలాగే ఆమె చూపూ పెద్ద బొమ్మ మీదే ఉండేది.

ఆయుధపూజ వచ్చింది. కుట్టు మిషనుకూ కత్తెరకూ గ్రైండరుకూ బొట్టు పెట్టి టీవీని వదిలేస్తే ఏం మర్యాద? బొమ్మకు అడ్డం రాకూడదని బాగా ఆలోచించి మరీ, కుడివైపు కింది మూల ఇంత గంధం అద్ది కుంకుమ పెట్టింది. పండగ వెళ్లిన మర్నాడు కుప్పయ్యే ఆ బొట్టు చూపించి తీసెయ్యమని సైగ చేశాడు. ఎందుకని ఆమె అడగలేదు. గుడ్డతో తుడిస్తే ఎండిన గంధం కదల్లేదు. గోటితో గీకినా రాలేదు. నాగులమ్మకు చిర్రెత్తుకొచ్చి, పోయి ఇనుప పీచు తెచ్చింది.

బొట్టు పోయింది. దాంతోపాటు అరచేతి వెడల్పున తెర మీది నునుపూ పోయి, అడ్డదిడ్డంగా గీతలు పడ్డాయి.

"మూలే గదా, ఎవురు సూస్తారు" అనుకుంది.

ఆ సాయంత్రం కుప్పయ్య వచ్చి కూర్చున్నాడు. గడిలో ఆమె చెయ్యి ఆడినప్పుడల్లా గీతల్లోకి పోయి మసకబారుతోంది. అతను తల ఇటు వంచాడు, అటు వంచాడు. లేచి బనీను అంచుతో తెర తుడిచాడు. కాసేపటికి భార్య వైపు చూసి, మిషను దగ్గరికి పోయి పెడలు తొక్కసాగాడు. మర్నాడు వార్తల వేళకు అసలు లేవనే లేదు.

నాగులమ్మకు అప్పుడు తెలిసింది. ఈ మనిషి ఇన్నాళ్లూ పెద్ద బొమ్మను చూడనే లేదు. ఇంట్లోకొచ్చి అతని భాషలో అతనితో మాట్లాడే మనిషి ఆ మూలనున్నామె ఒక్కతే, ఆమె నోరు నొక్కేసింది తాను. తిట్టినా బాగుండేదని ఏడ్చింది. ఏడవడం అయ్యాక కొంగు బిగించింది.

పక్కింటి అలివేలమ్మ పళ్ల పేస్టు రుద్దమంది. రుద్దింది. గీతల మీద తెల్లటి మచ్చ కూడా వచ్చింది. కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టింది. ఫోనులో చూపిద్దామంటే ఆ గడి పెసరగింజంత కనిపిస్తుంది, కుప్పయ్య కళ్లు సూదిలో దారం ఎక్కించి ఎక్కించి ఎప్పుడో అలిసిపోయాయి. చివరికి టీవీలు బాగుచేసే అష్ఫాక్‌ను పట్టుకొచ్చింది.

"పైనుండే పూతే లేసిపోయింది గదక్కా. ఇంక ఎవురూ ఏం జెయ్యలేరు. కొత్త టీవీ తెచ్చుకోవాల్సిందే."

"కొత్తది యాడ తెచ్చేది? గీతల సంగతి జెప్పప్పా."

"గీతలు పోవక్కా."

"గీతలు పోకుంటే బొమ్మన్నా పక్కకు జరగాల గదా!"

అష్ఫాక్ నవ్వి సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. నాగులమ్మ నవ్వలేదు. వంట చేస్తున్నా, గుండిగలు తోముతున్నా ఆ మూలే ఆమె కళ్లముందు. వార్తల వేళకు మిషను చప్పుడే వినిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏదో పాత నలుపు తెలుపు సినిమా వస్తోంది. బియ్యం ఏరుతూ తలెత్తిన నాగులమ్మ చేట అట్లాగే వదిలేసింది. బొమ్మ మధ్యలో చదరంగా ఉంది, అటూ ఇటూ నల్లటి పట్టీలు. తాను పెట్టిన గీతలన్నీ ఆ నలుపులో పడి ఉన్నాయి. చెదిరిన జుట్టుతోనే అష్ఫాక్ అంగడికి ఉరికింది.

"బొమ్మ జరగతాదని నేను జెప్పలా! పాత సినిమా సూడుపో. వార్తలు గూడా అట్లే వచ్చేట్టు జెయ్యి."

అష్ఫాక్ తల గోక్కున్నాడు. "కేబులు డబ్బాలో అట్లా మార్చి పెట్టొచ్చులేక్కా. కానీ మనుసులు నొక్కుకుపోయి బక్కగా కనపడతారు."

"బక్కగా ఉంటే నేను వండి పెడతాలే, నువ్వు రా."

సాయంత్రం వార్తల వేళకు అష్ఫాక్ వచ్చి కాసేపు రిమోటుతో కుస్తీ పట్టాడు. బొమ్మ దగ్గరికి నొక్కుకుని వచ్చింది. నాగులమ్మ కుప్పయ్య చెయ్యి పట్టి మిషను మీదినుంచి లేపి తీసుకొచ్చింది. మూలనున్నామె గీతలు దాటి ఇవతలికొచ్చి నిలబడి ఉంది. రెండు చేతులూ స్పష్టంగా ఉన్నాయి. కుప్పయ్య ముందుకు వంగి చూశాడు. తర్వాత బుగ్గలు లోపలికి పీల్చి చిటికెన వేలు చూపించాడు, పాపం చిక్కిపోయింది అని. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వు తగ్గాక నాగులమ్మ తెర వైపు చూపించి, ఏం చెబుతోందని అడిగింది. ముప్ఫై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు. కుప్పయ్య ముందు నమ్మలేదు. ఆమె మళ్లీ అడిగింది. అప్పుడతను నెమ్మదిగా వేళ్లు ఆడించి, వాన అన్నాడు. ఆమె కూడా వేళ్లు ఆడించింది. తప్పు అని తల అడ్డంగా ఊపి, ఆమె మణికట్టు పట్టుకుని సరిచేశాడు. గుండిగ తోమినట్టే పట్టుబట్టి, వచ్చేదాకా వదల్లేదు నాగులమ్మ. ఆ రోజునుంచి వార్తలప్పుడు ఇద్దరూ కలిసి కూర్చునేవాళ్లు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. మిషనుకూ కత్తెరకూ బొట్టు పెట్టి, టీవీ జోలికి మాత్రం పోకుండా, నాగులమ్మ గంధం గిన్నెతో కుప్పయ్య ముందు కూర్చుంది. అతని రెండు చేతులకూ గంధం రాసి కుంకుమ పెట్టింది. అతను గిన్నె లాక్కుని ఆమె చేతులు చూపించాడు.

"వీటికెందుకు? గీతలు పెట్టిన చేతులు!" అని వెనక్కి లాక్కుంటూ, సగం నోటితో సగం వేళ్లతో అంది.

కుప్పయ్య పీచుతో రుద్దుతున్నట్టు అభినయించి వెక్కిరించాడు. ఆ తర్వాత అదే చేతుల భాషలో, ఇవి కూడా మాట్లాడతాయి కదా అని చెప్పి, రెండింటికీ బొట్టు పెట్టాడు. ఆ పూట నాగులమ్మ అంట్లు తోమలేదు.