పలమనేరు దాకా ఒక ఈగ కాలు

పలమనేరుకు చాలాసార్లు వెళ్లాను గాని, బస్సులో ఇంత కుదురు లేకుండా కూర్చున్నది ఈసారే. కారణం నా చేతిలోని మాత్రల డబ్బా. అందులో దూది, దూదిమీద మొన్న తిరుపతిలో మా మిద్దెమీది బంతిపూల దగ్గర పట్టిన ఈగ. అది పావురమంత ఉందని మా వీధిలో చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతాను, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది.

పూలమీద గాలిలో కదలకుండా నిలబడే చారల ఈగ ఇది. తేనెటీగ వేషం వేస్తుంది, కుట్టదు. మా మేనకోడలు సుచరిత పలమనేరులో తోటల పురుగులమీద పనిచేస్తుంది. అక్కడి ఈగలూ తిరుపతి ఈగలూ వేరువేరు జాతులని, పొట్టమీది పట్టీల వంపు చూసి ఆరునెలలుగా రెండు పెట్టెల్లోకి విడదీసింది. వాళ్ల మేడమ్ అంతా ఒకటే జాతి అంటుంది. తేల్చాల్సింది మగ ఈగ వెనక కాలు. పలమనేరు మగవాటికి ఆ కాలి మొదట్లో సన్నని ముల్లుంటుంది. తిరుపతి మగదానికి అది లేకపోతే సుచరిత మాట నిలుస్తుంది. ఉంటే రెండు పెట్టెలూ కలిపేయాలి, ఆరునెలల పనీ నీళ్లపాలే. తిరుపతి నుంచి ఆమెకు చేరినవన్నీ ఆడవే. నాది మగది, మగవాటికి ఉన్నట్టే కళ్లు రెండూ నడినెత్తిన కలిసిపోయాయి. వెనక కాలొకటి నా తువ్వాలు దెబ్బకే పోయింది. మిగిలింది ఒక్కటే. మేడమ్ ఆ సాయంత్రమే సెలవుమీద వెళ్లిపోతోంది.

ఉదయం ఏడింటికి తిరుపతిలో బెంగళూరు బస్సెక్కాను. కొండ దిగినవాళ్లే అంతా. గుండ్లు, గంధం, లడ్డూల వాసన. చంద్రగిరి దాటకముందే మూడుసార్లు డబ్బా చేయి మార్చాను. చిత్తూరులో ఇడ్లీ ఒంటిచేత్తో తిన్నాను. చట్నీ బాగుంటుంది, మీరు రెండు చేతులతో వెళ్లండి.

బంగారుపాళెంలో ముందు సీటు గుండాయన వెనక్కి తిరిగి, అందులో ఏముందని అడిగాడు. పలమనేరులో పాడి ఉందట. రాకెట్టులో పంపడానికి సూళ్లూరుపేట వాళ్లు ఎంచిన ఈగ అన్నాను. అక్కడితో నోరు మూసుకోవాల్సింది.

“అట్లనా! ఏదీ, సూపీప్పా.”

మూత తీశాను. ఆయన డబ్బామీదికి తల వంచాడు. మొగిలి ఘాటు మలుపులో డ్రైవరు బ్రేకు కొట్టాడు. సర్దుకుని చూస్తే ఈగ ఉంది, కాలు లేదు.

సంగతి చెప్పక తప్పలేదు. ఫోన్ల లైట్లతో సగం బస్సు వంగింది. తల వెంట్రుకలూ చీపురు పుల్లలూ తెచ్చి ఇది కాదా, అది కాదా అంటున్నారు. నా పక్కనున్న ముసలామె మాత్రం లేవలేదు.

“కింద యాడ ఎతుకుతారబ్బా? ఆయప్ప గుండుమీద ఏందో అంటుకోనుండాది.”

తడి గంధంలో ఉంది. వేలితో తీస్తే నలిగిపోతుంది, కదలొద్దని బతిమాలాను.

“సామికి జుట్టిచ్చి, నీ ఈగ కాలు మోసుకపోవల్నా?” అన్నాడు. అన్నాడే గాని, పలమనేరు దాకా మెడ తిప్పలేదు. దిగి, ఆటోలో నా వెంటే వచ్చాడు.

సుచరిత ఆయన్ని స్టూలుమీద కూర్చోబెట్టి, సన్న కుంచెతో కాలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసి పక్కకు జరిగింది. నేను చూశాను. కాలి మొదట్లో ముల్లు, స్పష్టంగా. మేడమ్ కూడా చూసి తలూపింది. పెట్టెలు కలిపేయమని ఎవరూ అననక్కర్లేదు.

సుచరిత మళ్లీ వంగింది. “ముల్లు గోధుమరంగులో ఉండాల మామా. ఇది పసుపు.” స్పిరిట్ చుక్క వేసింది. ముల్లు మెల్లగా కరిగిపోయింది. కాలి మొదలు నున్నగా మిగిలింది.

“నా గంధమేనా?” అన్నాడు గుండాయన, గొంతు తగ్గించి.

మేడమ్ చాలాసేపు చూసి, పెట్టెలు రెండూ అలాగే ఉంచమంది. సుచరిత కుర్చీలో కూలబడి, అప్పుడు నవ్వింది.

మూడింటి బస్సులో తిరుగుదారి. పనైపోయినా నాకు నిలకడ రాలేదు. చిత్తూరు బస్టాండులో చామంతి రాశిమీద ఒకటి కదలకుండా తేలుతుంటే, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని వంగాను. కళ్లు కలిసి ఉన్నాయి. కాళ్లు కనిపించడం లేదు.

“పూలు కావల్నా, ఈగలు కావల్నా?” అంది పూలామె.

తిరుపతి బస్సు హారను కొడుతోంది. ఆ ఈగ ఇంకా వాలలేదు.